గుండీలక్క పెట్టిన గొంతు

అమ్మానాన్నలు ఆమెకు ఏదో మంచి పేరే పెట్టి ఉంటారు. ఆ కుట్టు షెడ్డులో మాత్రం అందరికీ ఆమె గుండీలక్కే. ఆస్పత్రి కోట్లకూ బడి చొక్కాలకూ గుండీలు కుట్టడం ఆమె పని. కాజాలు మిషను మీద కుట్టినా, గుండీలు మాత్రం చేత్తోనే కుట్టాలని కటింగు మాస్టారి పట్టుదల. "మిషను కుట్టిన గుండీ పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలాంటిదమ్మా, చెప్పకుండా వెళ్ళిపోతుంది" అనేవాడాయన.

గుండీలక్క చదువుకుంది ఊరి బళ్ళో. అదీ మధ్యలో ఆగిన చదువే. కానీ ఆ బళ్ళో ఒక పంతులమ్మ పాఠాలు పైకి చదివించేది. నక్క మాట నక్కలాగా, రాజు మాట రాజులాగా పలకకపోతే మళ్ళీ మొదటినుంచి చదవమనేది. ఆ అలవాటు గుండీలక్క నాలుక మీద ఉండిపోయింది. మధ్యాహ్నం డబ్బాలు కడుక్కున్నాక మిషన్లు మళ్ళీ మొదలయ్యేదాకా ఆమె ఏదో ఒక నవల పైకి చదివేది, మిగతావాళ్ళు చుట్టూ చేరేవారు. ఆమె చదువుతున్నంతసేపూ పక్కవాళ్ళు ఆమె సూదుల్లోకి దారాలెక్కించి దిండుకు గుచ్చి పెట్టేవారు. అలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

షెడ్డుకి ఆ చివర, ఆవిరి ఇటు రాకుండా అడ్డంగా పెట్టిన చెక్క తడిక వెనక, ఇస్త్రీ బల్ల ఉండేది. అక్కడ పనిచేసే ఆమెను అందరూ వదిన అనేవారు. ఆమె భర్త ఒకప్పుడు ఆ షెడ్డులోనే దర్జీ. అందరికీ అన్న. అన్న పోయాక ఆ మిషను మీద వేరే అతను కూర్చున్నాడు గానీ, ఆమె వదినగానే మిగిలింది. ఆమెకు ఆయాసం. ఒక మాట పూర్తిచెయ్యాలంటే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాలి. దేవుడు కొందరికి ఊపిరి కొలిచి ఇస్తాడెందుకో, ఆయనకే తెలియాలి.

పనిలో మాత్రం వదిన కన్ను చురుకు. ఇస్త్రీపెట్టె కింద గుండీ కాస్త కదిలిందంటే చాలు, కోటు పక్కన పెట్టేసేది. ఒకరోజు పొద్దున్నే ఒక కట్ట మొత్తం తెచ్చి గుండీలక్క ముందు పెట్టింది.

"ఇవి... ఊగుతున్నాయి... మళ్ళీ కుట్టమ్మా" అంది.

అప్పుడే మాస్టారు అటు వచ్చాడు. ఆయనేమీ అనలేదు, కట్ట వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడంతే. అయినా గుండీలక్క చెవులు వేడెక్కాయి.

ఆ రోజుల్లో చదువుతున్నది ఒక దయ్యాల నవల. ఇల్లు అమ్ముకుందామని ఒక కుటుంబమంతా పాత బంగళాలో చేరుతుంది. వెనక గదిలో ఏదో ఉంటుంది. రోజుకొకరు చస్తుంటారు. చిత్రమేమిటంటే, ఆ పుస్తకంలో మంచివాడన్నవాడు ఒక్కడూ లేడు. పెద్దకొడుకు తండ్రి మందులు దాచేస్తాడు. అల్లుడు అబద్ధం చెప్పకుండా గుక్కెడు నీళ్ళు కూడా తాగడు. అందరిలోకీ గయ్యాళి ఆ ఇంటి పెద్దకోడలు. ఆమె పేరేమిటో రచయిత చెప్పడు, మరుదులూ ఆడపడుచులూ పిలిచినట్టే "వదిన" అని రాసుకుపోతాడు.

"ఈ కొంపలో మర్యాద తెలిసింది దయ్యానికొక్కదానికే. తలుపు కొట్టి మరీ లోపలికొస్తుంది" అంది బొత్తిగా నవ్వాపుకోలేని పొట్టిపిన్ని. కాలర్లు కుట్టే ఆమెను అందరూ అలాగే పిలిచేవారు.

కట్ట తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, నవల్లో వదిన మొదటిసారి నోరు విప్పే చోటు వచ్చింది. గుండీలక్క ముందుగా అనుకుని చెయ్యలేదు. కానీ చదవబోయేసరికి గొంతు తనంతట తానే అటు జారింది. మాట మాటకీ ఆగుతూ, గుండెలోంచి ఊపిరి లాగుతూ, "ఆ తాళాలు... ఇటు... ఇవ్వమ్మా" అని చదివింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పొట్టిపిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాజాల మిషను మీద కూర్చునే కళ్ళజోడమ్మాయి బల్ల మీద తల వాల్చేసి భుజాలు కదిలేలా నవ్వింది. "అచ్చు దిగిపోయిందక్కా!" అంది.

ఆ నవ్వు గుండీలక్కకు పొద్దుటి మంట మీద చల్లగా తగిలింది. మర్నాడూ అదే గొంతు పెట్టింది. ఆ తర్వాతా పెట్టింది. అందరూ ఇంక ఎప్పుడెప్పుడు వదిన మాట వస్తుందా అని ఎదురుచూసేవారు. దయ్యం వంటమనిషిని పట్టుకుపోయిన రోజు పొట్టిపిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"దీనికి కళ్ళు పోయాయా? ఎదురుగా వదిన ఉంటే వంటమనిషిని పట్టుకుపోతుందేం?"

"రేపటికైనా వదిన పోతే బావుణ్ణు. పీడ విరగడవుతుంది!" అంది కళ్ళజోడమ్మాయి, గట్టిగానే.

ఇస్త్రీపెట్టె చల్లారకూడదని ఆ వారమంతా వదిన మధ్యాహ్నం ఇటు రాలేదు. తడికవతలే తినేది.

తర్వాత రెండు మూడు రోజులు గుండీలక్క దగ్గరికి ఒక్క కోటూ తిరిగి రాలేదు. తన చెయ్యి కుదిరిందనుకుని సంతోషపడింది. కానీ మడతపెట్టిన కోట్లు వ్యానుకెక్కించేటప్పుడు చూస్తే, ఒకదాని మెడ దగ్గర గుండీ కింద ముడి తనది కాదు. ఇంకో కోటు తిప్పి చూసింది. అదీ అంతే. ఊగేవాటిని వదినే కూర్చుని కుట్టుకుంటోంది. తిరిగి పంపడం మానేసింది. ఎందుకో అడుగుదామనుకుంది గుండీలక్క. ఇంతలో మాస్టారే వచ్చాడు.

"ఏమన్నారే మీరు వదినని? పని మానేస్తానంటోంది. ఈ వయసులో ఆవిడకింకెవరిస్తారు పని? ఎందుకమ్మా అంటే, నేను పోతే వాళ్ళకి పీడ విరగడవుతుందట మాస్టారూ, తడికవతల్నించి నా చెవులతో నేనే విన్నాను అంటుంది."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందుగా తేరుకుంది పొట్టిపిన్నే.

"అయ్యో రాత! ఆ వదిన ఈ వదిన కాదు మాస్టారూ! పుస్తకంలో వదిన!"

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "మరి ఆ ముక్క వెళ్ళి ఆవిడతో చెప్పండి!"

పుస్తకం చేత పట్టుకుని ముగ్గురూ తడిక వెనక్కి వెళ్ళారు. వదిన తలెత్తలేదు. పొట్టిపిన్ని గుక్కతిప్పుకోకుండా కథంతా చెప్పింది. పాత బంగళా, వెనక గది, పెద్దకోడలు. కళ్ళజోడమ్మాయి పేజీ తీసి "ఇదిగో వదినా, ఇక్కడ చూడండి, వదిన అనే ఉంది" అని వేలు పెట్టి చూపించింది. గుండీలక్క వాళ్ళ వెనక నిలబడింది.

వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఆ అక్షరాల మీదికి వంగి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకీ ఊపిరి చాలక కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"నా మతి... మండా! నేనింకా... నన్నే అనుకున్నా. వీళ్ళకి నేనేం... అపకారం చేశానా అని..." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ అందరికీ... అనవసరంగా... పాపం అంటగట్టాను."

పొట్టిపిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. అక్కడితో అయిపోవాల్సిందే. గుండీలక్క కూడా అయిపోయిందనే అనుకుంది. అప్పుడు వదిన ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"అయితే ఆవిడకీ... ఆయాసమేనా? ఇటునించి వింటుంటే... నాలాగే వగరుస్తోంది... పాపం."

"ఆఁ, ఆయాసమే! పుస్తకంలో అలాగే రాశాడు" అని పొట్టిపిన్ని చటుక్కున అనేసింది.

"ఏం మందు... వాడుతోందట?"

ఆమె వేళాకోళంగా అడగలేదు. నిజంగానే అడిగింది. తనలాంటి మనిషి ఒకతె పుస్తకంలో ఉందంటే, ఆవిడకేమైనా నయమైందా అని తెలుసుకోవాలని ఆమె ఆశ. పొట్టిపిన్ని ఆమె చెయ్యి వదిలేసింది. కళ్ళజోడమ్మాయి పుస్తకం మూసేసింది.

గుండీలక్కకు ఇంకో అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఏదో ఒక మందు పేరు చెబితే సరిపోయేది. వదిన ఎదురుచూస్తోంది. ఆ మొహం చూశాక చెప్పలేకపోయింది.

"పుస్తకంలో ఆవిడకి ఏ జబ్బూ లేదు వదినా. ఆయాసం నేను పెట్టాను. ఆ గొంతు మీది."

వదినకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముగ్గురి వంకా వరుసగా చూసింది.

"అందుకా... నవ్వింది?"

కళ్ళజోడమ్మాయి పుస్తకం వెనక్కి దాచుకుంది.

"గుండీలు తిప్పి పంపారని కోపమొచ్చింది వదినా. మాస్టారు చూశారని. బుద్ధి గడ్డితింది" అంది గుండీలక్క.

వదిన ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. "ఏదీ... ఒకసారి చెయ్యి. వింటాను."

"వద్దు వదినా."

"నేనెలా ఉంటానో... నాకు తెలీదు కదమ్మా. చెయ్యి."

గుండీలక్క నోరు తెరిచింది. నక్కనూ రాజునూ దయ్యాన్నీ పలికిన గొంతు పెగల్లేదు. మొహం చేతుల్లో దాచుకుంది.

"మీ అన్న ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టింది వదిన, ఎవరితోనో కాక బట్టతో చెబుతున్నట్టు, "నేను సగం మాట అనేలోపే... మిగతా సగం ఆయనే అనేసేవాడు. తొందరమనిషి... అనుకునేదాన్ని. నా మాట నలుగురికీ... ఎలా వినబడుతుందో... నాకు తెలియకూడదని కాబోలు." కోటు సర్దుకుంది. "పని మాననులే. వెళ్ళండి... మిషన్లు మొదలయ్యాయి."

ఆమె మాట తప్పలేదు. పని మానలేదు. ఆ మర్నాటినుంచి మధ్యాహ్నాలు తన డబ్బా తెచ్చుకుని అందరితోపాటు బల్ల చివర కూర్చుంది కూడా. గుండీలక్క నవల మిగతాదంతా ఒకే గొంతుతో, బడిపిల్ల తప్పుల్లేకుండా అప్పగించినట్టు చదివేసింది. దయ్యం వచ్చి తలుపు కొట్టి పుస్తకంలో వదినను తీసుకుపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఆ ఇంట్లో... తిన్నావా అని అడిగిన మనిషి... ఒక్కరూ లేరేమే ఆవిణ్ణి" అంది వదిన, పొట్టిపిన్నితో.

పొట్టిపిన్నితో, మాస్టారితో, అందరితోనూ ఆమె ఎప్పటిలాగే ఆగి ఆగి మాట్లాడేది. గుండీలక్కతోనే అలా కాదు. ఒకరోజు కిటికీలోంచి ఎండ సరిగ్గా గుండీలక్క కళ్ళల్లో పడుతోంది. వదిన అది చూసి లేచి వచ్చింది. కాస్త దూరంలోనే నిలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ఎక్కడా ఆగకుండా ఒక్క గుక్కలో అనేసింది.

"ఎండ కళ్ళల్లో పడుతోంది ఆ రెక్క వేసుకోమ్మా."

గుండీలక్క "అలాగే వదినా" అనేలోపే ఆమె గబగబా తడిక వెనక్కి వెళ్ళిపోయింది. గుండీలక్క లేచి కిటికీ రెక్క వేసింది. తడికవతల వదిన బల్ల పట్టుకుని చాలాసేపు వగరుస్తూనే ఉంది.