చంద్రుడి మీది మొగుడు, గడప ముందు చెంబు

ఆ సినిమా తీసినోడు ఎన్నడన్న నా చేతికి దొరికితే ఒక్కటే అడుగుత: పుస్తకంల ఉన్నది ఉన్నట్టు తీస్తే నీ సొమ్మేం పోయిందిరా?

అప్పుడింకా బస్తర్ రాజుల పాలన. మాది ఉసూర్ దిక్కు పల్లె. మా మేనత్త మొగుడు అసోం తేయాకు తోటలకు పోయి ఏండ్లయింది, పత్తా లేదు. మా దిక్కు మొగుడు దూరం పోయిన ఆడది పొద్దుగూకితే గడప ముందు చెంబుతో నీళ్ళు పెడతది, వచ్చినోడు కాళ్ళు కడుక్కోవాలని. ఆ చెంబు లోపలికి పోయిందంటే మారుమనువుకు ఒప్పుకున్నట్టే. మా ఇంట్లనే ఉంటున్న అత్త రోజూ పెడుతుండె.

ఆ ఏడు బడిపంతులు నాకో హిందీ నవల ఇచ్చిండు. ఒకడు ఇనుప గుండుల కూసొని చంద్రుడి మీదికి పోతడు. యంత్రం చెడిపోతది. ఇంక రాలేనని తెలిసి, "నాకోసం చూడకు, నీ బతుకు నువ్వు బతుకు" అని పెండ్లాన్ని తలుచుకొని చెప్పుకుంటడు. అత్త ఇప్పపూలు ఎండబోసుకుంట వినేది, నేను తెలుగుల చెప్పేవాణ్ణి. కథ అయిపోయిన నాడు కండ్లు తుడుచుకొని, "పాపం, వానికి రావాలనే ఉన్నది. దారే లేకపాయె," అన్నది. ఆ సాయంత్రం చెంబు లోపలికి పోయింది. పక్కూరి రైతు, పెండ్లాం పోయిన మంచి మనిషి, అత్తను ఎప్పటినుంచో అడుగుతుండె. పున్నం నాడు మాట ఇస్తనన్నది. ఇల్లంత సంబరం.

అంతల మా దిక్కు బీజాపూర్ అంగట్ల డేరా సినిమా దిగింది. అదే కథ అన్నరు. బండి కట్టుకొని పోయినం. అబ్బో, ఏం సినిమా! చంద్రుడి మీద చెరువట, ఒడ్డుపొంటి ఆడోళ్ళ ఆటపాటలట! ఓర్చుకున్న. ఆఖరుకు ఆ గుండు ఎగిరొచ్చి వాని వాకిట్లనే దిగింది! పెండ్లాం చెంబుతో ఎదురొచ్చి కాళ్ళు కడిగింది. డేరా అంత ఈలలు. పక్కకు తిరిగితే మా అత్త రెండు చేతులు జోడించి ఏడుస్తున్నది.

తిరుగు దారంత నెత్తీ నోరూ కొట్టుకున్న. "అత్తా, పుస్తకంల వాడు రాలే! అసలు కథ అది!"

"పుస్తకం ఎవడో ఒక్కడు కూసొని రాసిండు. ఇది ఇంతమందిమి కండ్లార చూస్తిమి గద. నువ్వు చూడలే?"

ఇంటికి రాంగనే చెంబు మళ్ళ గడప ముందుకొచ్చింది.

పున్నం నాడు రైతు కొత్త చీర పట్టుకొని వచ్చిండు. చెంబు చూసి వాకిట్లనే ఆగిండు. ఆ నీళ్ళు ముట్టలే. "పోయొస్త" అని చీర చంకల పెట్టుకొని వెనక్కి మళ్ళిండు. నేను చెంబెత్తి నీళ్ళన్ని పారబోసిన.

అత్త చెంబు తీసుకపోయి, నింపుకొచ్చి, మళ్ళ అక్కడనే పెట్టింది.