వార్డెనమ్మ మీద పగ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లకే, ఒకావిడ మీద పగబట్టాను. మెదక్‌లో ఆడపిల్లల హాస్టల్ ఒకటి చూసే వార్డెనమ్మ ఆవిడ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయ్యుంటుంది. నాన్న పోయిన ఆరు నెలలకు మా అమ్మకు అక్కడ ఆయా పని దొరికింది. అంతవరకూ గడప దాటి పని చేసి ఎరగని మనిషి. పొద్దున్నే వెళ్లి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వస్తూనే చెప్పులైనా విప్పకుండా గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. జడ వేయమంటే సగం అల్లి, అలాగే నిద్రలోకి జారిపోయేది.

ఒక మధ్యాహ్నం అమ్మ మరిచిపోయిన సద్ది గిన్నె ఇద్దామని హాస్టల్‌కు వెళ్లాను. అమ్మ మెట్ల మీద కూర్చుని, ఖాళీ బిందె మీద తల వాల్చి ఉంది. పైమెట్టు మీద నిలబడ్డ వార్డెనమ్మ, "కూసుంటే పని ఎవరు చేస్తరు? ఇంకో నాలుగు బిందెలు పైకి ఎక్కియ్యి," అంది. అమ్మ బిందె ఎత్తుకుని లేచింది. అప్పుడే నన్ను చూసి సిగ్గుపడింది. ఆ సిగ్గు చూశాక నాకు అన్నం సహించలేదు.

మర్నాడు బడి ఎగ్గొట్టి, కంచెల వెంట తిరిగి, పుల్లతో దూలగొండి కాయల నూగు గీకి కాగితంలో పొట్లం కట్టాను. అది ఒంటికి తగిలితే చర్మం లేచిపోయేదాకా గోక్కోవలసిందే. వార్డెనమ్మ కుర్చీలో చల్లి, పిల్లలందరి ముందూ ఆవిడ గంతులేస్తుంటే చూడాలని నా కోరిక.

మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ బట్టలు కుట్టేది. పొట్లం పట్టుకుని దొంగలా పోతున్న నన్ను ఆపి సంగతంతా రాబట్టింది. తిట్టలేదు. "మస్తుగున్నది బిడ్డా," అంటూ మిషన్ ఆపి దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఎప్పుడు చల్లుతవ్?"

"రేపు పొద్దుగాల, ఆమె రాకముందే."

"ఆమె రాకముందు గా కుర్చీ ఉన్న అర్రలకు ఎవరు పోతరు?"

"మా అమ్మ. ఊడుస్తది."

"మరి కుర్చీ ఎవరు తుడుస్తరు?"

అమ్మ దాన్ని తన కొంగుతోనే తుడుస్తుందని నాకు తెలుసు.

ఖాలా పొట్లం తీసుకుని పెరట్లో గుంత తీసి పూడ్చేసింది. "కోపం యాడికి పోదు, ఉండనియ్యి. మీ అమ్మ వచ్చే యాళ్లయింది. పొయ్యి మీద నీళ్లు పెట్టుపో," అని నా చేతిలో గుప్పెడు ఉప్పు పోసింది.

ఆ సాయంత్రం అమ్మ పాదాలు ఉప్పు వేసిన వేడినీళ్లలో పెట్టించి నేనే తోమాను. మడమల పగుళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మ నా తల నిమిరింది. "కొత్త చెప్పు కరిసినట్టే కొత్త పని గుడ కరుస్తది బిడ్డా. జర ఓర్సుకుంటే అదే మెత్తవడుతది," అంది. ఆ పూట కడుపునిండా తిన్నది. జడ కూడా చివరిదాకా అల్లింది.

ఆనాటి నుంచి రోజూ అదే నా పని. రెండు మూడు నెలలకు అమ్మ నిలదొక్కుకుంది. వార్డెనమ్మకు బదిలీ అయి, ఆవిడ పెట్టెలతో రిక్షా పోతుంటే, దాని చక్రం ఊడిపోవాలని గట్టిగా కోరుకున్నాను. ఊడలేదు.

ఆవిడను ఈనాటికీ క్షమించలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమూ లేదు. కానీ నావాళ్లను ఎవరైనా నొప్పించారని రక్తం మరిగినప్పుడల్లా, నొప్పించినవాళ్ల మీదికి పరిగెత్తను. ముందు నొచ్చుకున్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చుంటాను.