మూల పిల్లరు రింగులు

ఎమ్మిగనూరులో కడ్డీలు కట్టే పనికి మాదన్నది మంచి చెయ్యి అని పేరు. ఆదోని రోడ్డులో బసవరాజు కట్టించిన రెండంతస్తుల హోటలుకు ఇనుము కట్టింది ఆయనే.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ హోటలు వంటగదిలో గ్యాసు లీకై పేలింది. గోడలు బయటికి పడ్డాయి. మూల పిల్లరు విరిగి, దాని మీది శ్లాబు కూలింది. పిండి రుబ్బుతున్న యశోద కాలు దాని కింద నలిగిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు.

మరునాడు మాదన్న కూలిన చోటు చూడ్డానికి వెళ్లాడు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు శిరీష విరిగిన పిల్లరు దగ్గర టేపు పట్టుకుని బసవరాజుతో అంటోంది: "పేలుడు పక్కనుంచి ఒక్కసారిగా తోస్తుంది. నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు దగ్గరగా ఉంటే లోపలి కాంక్రీటు చెదరదు. పిల్లరు వంగినా బరువు మోస్తుంది. తక్కిన మూడు మూలల పిల్లర్లకూ నాలుగంగుళాలకొక రింగు ఉంది, పగిలినా నిలబడ్డాయి. దీనికి అడుగుకొకటే ఉంది."

మాదన్నకు అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ల కిందట, కాంక్రీటు కలిపే మిల్లరు అప్పటికే తిరుగుతుండగా, ఈ పిల్లరుకు రింగులు తక్కువ పడ్డాయి. మళ్లీ వంచాలంటే సగం పూట పడుతుంది. ఉన్నవాటినే ఎడంగా జరిపి కట్టేశాడు. కాంక్రీటు పోశాక ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత అదే హోటల్లో ఎన్నిసార్లు టిఫిన్ చేశాడో! ఒక్కనాడూ ఆ సంగతి గుర్తుకు రాలేదు.

 ఐదోనాడు శిరీష ఆఫీసుకు పోయాడు.

"ఆ రింగులు ఎడం చేసి కట్టింది నేనే మేడమ్. రాసుకోండి."

ఆమె రాసుకుని సంతకం పెట్టించుకుంది.

"సరిగ్గా కట్టింటే పడేది కాదా?"

"కచ్చితంగా చెప్పలేను. నిలబడేందుకే ఎక్కువ అవకాశం."

యశోద ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆమె ఇంటికి వెళ్లాడు. మంచం మీదున్న ఆమెతో, తప్పు తనదని అన్నాడు.

"యాడ చూసినా గ్యాసు గ్యాసు అంటాండారు. నువ్వేం చేసినావన్నా?"

"పేలింది గ్యాసే తల్లీ. శ్లాబు నీ మీద పడింది మాత్రం నా వల్ల." జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

యశోద దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోటునే చూసింది.

"ఇంగ పో అన్నా. ఈడ కూసోవద్దు."

లేచి వచ్చేశాడు. పోలీసులు రెండుసార్లు పిలిపించారు. అదే మాట చెప్పాడు. పనికి పిలిచేవాళ్లు తగ్గారు. యశోద కట్టెకాలు తొడుక్కుని వాకిట్లో నడక నేర్చుకుంటోందని విన్నాడు. ఆ వీధి మీదుగా పోవాల్సి వస్తే, మాదన్న ఆమె కంట పడకుండా చుట్టూ తిరిగి పోతాడు.