బ్యాటరీ దిగిపోయే బండి

నేను ఇల్లరికం ఉన్నానని ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. పెళ్ళయిన కొత్తలో, వేరే ఇల్లు దొరికేదాకా అని ఊరికి ఈ చివరనున్న హూడిలో మా మామగారి ఇంటి పైఅంతస్తులో దిగాం. ఆ తర్వాత ఇల్లు వెతకాలన్న సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అత్తగారు అడక్కుండానే వేడివేడి సంగటి, పప్పు పైకి పంపేవారు. నా చెప్పులు అరిగిపోతే నాకంటే ముందు మామగారు చూసేవారు. తిట్టేవాళ్ళయితే ఎదురు తిరగొచ్చు. ఇంత బాగా చూసుకునేవాళ్ళ మీద ఏమని తిరగబడతాం? నాకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు.

ఊపిరి తీసుకునేది బండి మీదే. పెళ్ళికి ముందు కొనుక్కున్న మోటారుసైకిలు అది. నా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, అంటే ఊరికి ఆ చివర. రింగు రోడ్డు ట్రాఫిక్కులో అందరూ బూతులు తిట్టుకుంటుంటే నేను హెల్మెట్టులో తల దూర్చుకుని గొంతెత్తి పాడుకునేవాణ్ణి. నా పాట ఎంత ఘోరంగా ఉంటుందో మా ఆవిడని అడగండి. అయినా ఆ కాసేపూ ‘ఏమి తిన్యావప్పా’ అని అడిగేవాళ్ళు ఉండరు.

దసరా తర్వాత ఆ సుఖమూ పోయింది. రెండు రోజులకో మూడు రోజులకో పొద్దున బటన్ నొక్కితే టిక్కుటిక్కుమనడం తప్ప ఇంజను తిరగదు. దానికి కిక్కరు లేదు. పార్కింగులో నేను చెమటలు కక్కుతుంటే మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తాళాలతో ప్రత్యక్షమయ్యేవారు.

“రా అప్పా, నేను దించేసి వస్తా.”

“ఎందుకు మామా, మెట్రోలో పోతాను.”

“ఆ గుంపులో యాడ పోతావు? నేను ఇంట్లో సుమ్నే కూర్చోని ఉండాను కదా.”

సుమ్నే అంటే ఊరికే అని. తాతల కాలంలో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం కాబట్టి వాళ్ళ తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది. ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి ఆయన కిందటేడే రిటైరయ్యారు.

కారులో నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మహదేవపుర దాటకముందే ఆయన మొదలుపెట్టేవారు. ఇక్కడ చెరువు ఉండె, అక్కడ రాగిచేను ఉండె, ఈ స్థలం నన్ను కొనమని కాళ్ళావేళ్ళా పడిరి. నేను మాత్రం లోపల ఒకే వాక్యం నెమరేసుకుంటుండేవాణ్ణి: మామా, మేం వేరే ఇంటికి పోతాం. నేనూ మా ఆవిడా ఎలక్ట్రానిక్ సిటీలో ఇల్లు చూసి పెట్టుకున్నాం. నెలాఖరు వరకే ఆగుతామని ఆ ఇంటివాళ్ళు అన్నారు. “నేను చెప్తే అమ్మ ఏడుస్తుంది, నువ్వే చెప్పు” అని మా ఆవిడ ఆ పని నా నెత్తిన పెట్టింది. నేను నోరు తెరవబోయేసరికి మామగారు ఏసీ గాలి నా వైపు తిప్పేవారు. ఇంకేం చెబుతాను?

షోరూములో బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. వారం తిరక్కుండా అదీ దిగిపోయింది. ఛార్జింగు బాగానే ఉందన్నారు. అంటే బండి ఆపేశాక ఏదో దాని కరెంటు తాగుతోందన్నమాట. సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. పంతం పట్టి మల్టీమీటరు తెచ్చుకున్నాను.

ఆదివారం టిఫిను కాగానే పార్కింగులో కూలబడ్డాను. మామగారు కూడా కుర్చీ వేసుకుని పేపరుతో కూర్చున్నారు. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాను. తాళం ఆపేసి ఉన్నప్పుడు దాదాపు సున్నా చూపించాలి. అది చిన్న బల్బు వెలిగేంత కరెంటు చూపించింది. నాకు పిచ్చి పట్టలేదని రుజువైనందుకు భలే సంతోషమేసింది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ మీటరు వైపు చూశాను. అన్నీ పీకేసినా అంకె కదల్లేదు. అంటే ఎవరో ఫ్యూజులతో పనిలేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగారు.

“వదిలెయ్యప్పా, దించేదానికి నేనుండాను కదా” అన్నారు మామగారు.

“లేదు మామా, ఈరోజు తేలాల్సిందే.”

ఆయన పేపరు తిప్పారు.

సైడు ప్యానెళ్ళు ఊడదీశాను. వైర్ల కట్ట మీద ఒకచోట టేపు కొత్తగా మెరుస్తోంది. దాన్ని విప్పితే సన్నటి ఎర్ర వైరు బయటపడింది. ట్యాంకు కింది నుంచి హెడ్‌లైటు దాకా పోయింది. హెడ్‌లైటు తొడుగు విప్పాను. లోపల బొటనవేలంత ఇత్తడి ఆంజనేయస్వామి, కుంకుమ బొట్టు, ఎండిపోయిన పువ్వు. ఆయన ముందు చిన్న ఎర్ర బల్బు నిక్షేపంగా వెలుగుతోంది.

దసరాల్లో ఆయుధపూజకి నేను మా ఊరెళ్ళాను. తిరిగొచ్చేసరికి బండి కడిగి, పూజ చేసి, దండ వేసి ఉంది. నేను మురిసిపోయి అందరికీ ఫొటో కూడా పంపాను.

అప్పుడే కాఫీ తెచ్చిన అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “అయ్యో, స్వామిని యాల కదిలిస్తివి నాయనా? సీటు కింద పెడితే స్వామి మీద కూర్చున్నట్ల. ట్యాంకుకాడ కాళ్ళు తగులుతాయి. అందుకే మెకానిక్కుతో ముందర పెట్టించినా. ఆ రోడ్డు మీద అన్నీ లారీలే. నువ్వు ఇల్లు చేరేదాకా నాకు పాణం ఉండదు.”

“తాళం తిప్పితేనే వెలిగేట్టు మారుద్దాం అత్తా.”

“దేవుని ముందర దీపం ఆర్పుతారా? రాత్రంతా స్వామి చీకట్లో ఉండాల్నా?”

కటింగు ప్లయరు నా చేతిలోనే ఉంది. వైరు వేళ్ళ మధ్యనే ఉంది. రోగం తెలిసింది, మందూ తెలిసింది, చెయ్యి మాత్రం ఆడలేదు. నా ప్రాణం కోసం వెలిగించిన దీపాన్ని నేనే ఎలా ఆర్పను? ఏడుపొచ్చినంత పనయింది. ఇప్పుడు కూడా నోరు తెరవకపోతే ఈ పార్కింగులోనే ముసలివాణ్ణయిపోతానని భయమేసింది.

వైరు ఊడదీశాను. స్వామిని విప్పి అత్తగారి చేతిలో పెట్టాను.

“స్వామి మీ పూజగదిలోనే ఉండనీ అత్తా. మేం ఎలక్ట్రానిక్ సిటీలో ఇల్లు చూసుకున్నాం. నెలాఖరుకి పోతాం.”

ఆవిడ కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి, కొంగు కింద స్వామిని పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మామగారు పేపరు మడిచారు. “ఆ బల్బు సంగతి నాకు తెలుసప్పా. నువ్వు కొత్త బ్యాటరీ ఏయించినప్పుడే అనుకుంటి, ఇది దాని పనే అని.”

“మరి చెప్పలేదేం మామా?”

“రిటైరైనాక పొద్దున్నే లేసి యాడికి పోవల్లో తెలీదు. ఇంట్లో ఒకటే బేజారు. నీ బండి స్టార్టు కాని దినం మాత్రం నాకూ ఒక పని ఉండె.”

నాకు కోపం ముంచుకొచ్చింది. పోయిన నా పొద్దులన్నీ గుర్తొచ్చాయి. అంత కోపంలోనూ ఆయన మీద జాలేసింది, అందుకు ఇంకా కోపమొచ్చింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. వంచిన తల ఎత్తకుండా తొడుగు బిగించుకుంటూ కూర్చున్నాను.

“కొత్త ఇంటికాడ నుంచి ఆఫీసు ఎంత దూరమప్పా?” అన్నారు మామగారు.

“నడిచి పోవచ్చు మామా.”

“నడిచేనా?” అన్నారు. ఆ తర్వాత “మంచిదేలే” అన్నారు. ఫ్యూజులు, బ్యాటరీ వైరు మళ్ళీ పెట్టేసి బటన్ నొక్కాను. బండి స్టార్టయ్యాక కూడా ఆయన కుర్చీలోంచి లేవలేదు.