గ్రామఫోను ప్లేటు మీద మా కొంగ

మా చెల్లెలి పిల్లలు ఫోను తెచ్చి నా మొహం ముందు పెడుతుంటారు. ఇష్టమైన కార్టూను బొమ్మను ఎవరో అభిమాని మళ్ళీ తన చేత్తో గీసి, పాత పాటకు తగ్గట్టు ఆడించిన వీడియోలు అవి. ఒకటి అవగానే ఇంకొకటి పెట్టమని వాళ్ళ ప్రాణం తీస్తాను. "నీ కాలంలో ఇవి లేవు కదా పెద్దమ్మా" అంటారు. ఉన్నాయి. తొంభైలలో చోడవరంలో, మా ఇంట్లోనే ఒకటి ఉండేది. చూసినవాళ్ళం నలుగురమే, ఆ బొమ్మలూ మిగల్లేదు. అందుకే రాసి పెడుతున్నాను.

పదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత నాకు తెలిసిందంతా మా ఊరి లైబ్రరీలో చదువుకున్నదే, ఆ మాట గర్వంగానే చెబుతాను. చెల్లికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆదివారం పొద్దున్న పక్కింటి టీవీలో బాకా ఊదుతూ సైకిలు తొక్కే కొంగ కార్టూను వచ్చేది. చెల్లి ఒక్క వారమూ తప్పేది కాదు. నేనూ అంతే, కాకపోతే దానికి తోడు వెళ్తున్నానని చెప్పేదాన్ని.

ఒకసారి చెల్లికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. వేపాకు పరిచిన చాప మీద పడుకోబెట్టారు. గుమ్మం దాటకూడదు, తల దువ్వకూడదు, ఇంట్లో పోపు వెయ్యకూడదు. అన్నీ ఓర్చుకుంది గాని, ఆదివారం కొంగను చూడ్డం కుదరదని తెలిశాక గోడవైపు తిరిగి పడుకుంది. మజ్జిగ ఇచ్చినా తాగలేదు.

బొమ్మలు ఎలా కదులుతాయో లైబ్రరీ పుస్తకంలో చదివి ఉన్నాను. నల్లటి అట్టతో గుండ్రటి డబ్బా చేసి, పై అంచు చుట్టూ సన్నని చీలికలు కోసి, లోపల వరసగా బొమ్మలు అంటించి తిప్పాలి. చీలికల్లోంచి చూస్తే బొమ్మ కదులుతుంది. తిప్పడానికి తాతయ్య రికార్డు ప్లేయరు ఉంది. ప్లేటు నడుమ పేరు రాసి ఉండే కాగితం మీద పట్టేంత చిన్న డబ్బా చేస్తే, ముల్లు పాట పాడుతూ ఉండగానే కొంగ సైకిలు తొక్కుతుంది. ఇది పుస్తకంలో లేదు, నా సొంత ఆలోచన.

శనివారమంతా కూర్చుని సిరాతో కొంగలు గీశాను. పెద్ద రికార్డు మీద పెడితే మెల్లగా తిరిగి, కొంగ ఒక్కో తొక్కుకీ ఆగి ఆలోచిస్తున్నట్టుంది. అప్పుడు తాతయ్య నాటి పాత ప్లేటు వేసి, ప్లేయరు వేగం మీట డెబ్బై ఎనిమిదికి జరిపాను. అది గిర్రున తిరిగింది. కొంగ మెడ సాచి రయ్యిమని పోయింది. గదిలో ఒక్కదాన్నే గంతులు వేశాను.

ఆదివారం ప్లేయరూ, దాని మీద డబ్బా పట్టుకుని చెల్లి గదికి వస్తుంటే నాన్నమ్మ గుమ్మంలో ఆపింది.

"ఏటే అది? అమ్మవారున్న గదిలోకి ఏటెళ్ళినా పసుపు నీళ్ళు పడాల."

వద్దనేలోగా వేపమండతో జల్లేసింది. ఎక్కడ చుక్క పడితే అక్కడ సిరా ఉబ్బి మరకైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అయినా అమ్మవారుండగా సినిమా పాటలేటి అత్తా?" అంది అమ్మ.

"ఆవిడా ఆడమడిసే. ఎంతసేపూ వేపాకు వాసనేనా? ఆవిడికీ ఇసుగొస్తాది. పెట్టనీ."

మళ్ళీ గీసే టైము లేదు. గోడకు అవతల టీవీ పెట్టేశారు కూడా. డబ్బా చెల్లికి చూపించాను, పాడైపోయిందని చెబుదామనే. అది ఇటు తిరిగి, లోపలికి తొంగి చూసింది.

"దీనికీ అమ్మవారు పోసిందేటక్కా?"

పొక్కులున్న మొహంతోనే నవ్వింది. ప్లేటు తిప్పాను. ఒక్కో బొమ్మ మీద మరక ఒక్కో చోట పడింది కదా, కొంగ తొక్కుతుంటే పొక్కులు రెక్కల మీంచి మెడ మీదికి గెంతుతున్నాయి. వెన్నెల గురించిన పాట నడుస్తోంది. నాన్నమ్మ గుమ్మంలోంచే చరణం అందుకుంది. పక్కింట్లోంచి అసలు కొంగ బాకా మోత వినిపించగానే నేను చెల్లి మొహం చూశాను.

"ఆ తలుపు ముయ్యక్కా, మన పాట ఇనపడతం లేదు" అంది. అమ్మ లేచి మూసింది. తర్వాత చెల్లి మజ్జిగ అడిగింది.

ఆ బొమ్మల పుస్తకం చిరిగిపోయేలా ఉన్నా నన్ను నమ్మి ఇంటికిచ్చిన లైబ్రరీ ఆయనకు, ప్లేట్లు పగలకుండా దాచిన తాతయ్యకు, తలుపు మూసిన అమ్మకు నమస్కారాలు. నాన్నమ్మకు రెండు, పాటకొకటి, పసుపు నీళ్ళకొకటి.