మాయమైన టూరిస్టు ఏ పార్టీ?

దుర్గిలో రాతి శిల్పాలు చూడ్డానికి వెళ్తే, చెక్కే ఆయన పలకరిస్తూనే చుట్టరికం కలిపేసి, అన్నం పెట్టి, ఆ రాత్రి కదలనివ్వలేదు. నా ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోయింది. పొద్దున్నే మాచర్ల వచ్చి, నేను దిగిన లాడ్జి ఎదురుగా టీ తాగుతుంటే, పక్క బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు గొడవపడుతున్నారు.

"ఆ వైజాగ్ టూరిస్టును మీ పార్టీవోళ్ళే ఎత్తుకుపోయుంటారు. బ్యాగు రూములోనే ఉందంట," అన్నాడు పంచె కట్టుకున్నాయన.

"మాకేంది పని? మా మీద కేసు పెట్టడానికి మీరే దాచుంటారు," అన్నాడు మీసాలాయన.

నేను టీ గ్లాసు కింద పెట్టి, వాళ్ళ వైపు తిరిగాను.

"ఆ టూరిస్టు నేనేనండీ! నన్నెవరూ ఎత్తుకుపోలేదు. దుర్గిలో ఉండిపోయానంతే," అన్నాను.

దొరికానని సంతోషిస్తారనుకున్నాను. ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు.

"దుర్గిలో ఎవరింట్లో తిన్నావయ్యా?" అన్నాడు మీసాలాయన.

ఆ శిల్పి పేరు చెప్పాను.

పంచె ఆయన బెంచీ మీద చరిచి లేచాడు. "చూశావా, నే చెప్పలా? ఆ ఇంటోళ్ళు మీ పార్టీనేగా! లే బాబూ, స్టేషన్‌కి పోయి కేసు పెడదాం."