ఆరు ఆఠీన్లు

బ్రిడ్జి ఆటలో ముందు పాట, ఆ తర్వాతే ఆట. ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో వేలంలో పాడినట్టు ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోవాలి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే గెలిచినవాళ్ళకు ఒక పట్టు, మొత్తం పదమూడు పట్లు. ఆటలో నేను అంతంత మాత్రమే గానీ పాటలో మొండివాణ్ణి. ముక్కలన్నీ ఏ రెండు రంగుల్లోనో గుత్తులుగా వచ్చి పడ్డాయంటే నాకిక ఒళ్ళు తెలిసేది కాదు. ఎదుటివాళ్ళను ఒక్క మెట్టు పైకి తోసి, అక్కణ్ణుంచి వాళ్ళు జారిపడితే చూడటం నాకు మహా సరదా. ఆ సరదా తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా ఉండేవాణ్ణి. పులివెందుల అవతల, లింగాల దోవలో ఒక ఊరుంది. అక్కడ అన్నదమ్ముల బిడ్డలిద్దరికి ఉమ్మడి బావి నీళ్ళ దగ్గర తగాదా వచ్చి మూడేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళలో పెద్దవాణ్ణి అన్న అనీ, చిన్నవాణ్ణి తమ్ముడు అనీ చెబుతాను. ఊరు రెండుగా చీలింది. అప్పటికే ఇద్దరు చచ్చారు. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. మా బావ ఆ తమ్ముడి పక్షం. అతను ఎక్కడికి పోతే బావ అక్కడ ఉండేవాడు, చంకలో కట్టెతో. రాజీ కుదరకపోతే తర్వాత పడేది ఎవరో అక్కకు తెలుసు, నాకూ తెలుసు. "మీ ప్లీడరుకు చెప్పి ఎట్లన్నా వాళ్ళను కలపండి నాయనా" అని కనిపించినప్పుడల్లా నా చేతులు పట్టుకునేది.

ఎట్టకేలకు ప్లీడరు గారు ఇద్దరినీ ఒప్పించారు. బావి వంతులు అన్న ఎట్లా చెబితే అట్లా. ఆయన మాటకు తమ్ముడు ఎదురు చెప్పకూడదు. రాజీ మొత్తం ఆ ఒక్క షరతు మీదే నిలబడింది. సోమవారం జమ్మలమడుగు కోర్టులో సంతకాలు పెట్టాలి. ముందురోజు మధ్యాహ్నం ఇద్దరినీ ప్రొద్దుటూరు క్లబ్బుకు పిలిచి బ్రిడ్జి ఆడించాలన్నది ప్లీడరు గారి ఆలోచనే. అనంతపురంలో కాలేజీ చదివేటప్పుడు వాళ్ళిద్దరూ ఆ ఆటలో జోడీ అట. "నోరు విప్పకుండా పాడలేరు గదా! ఇన్నేళ్ళ తర్వాత తొలి మాట పేకముక్కల మీదైతే ఎవరికీ నామోషీ ఉండదు" అన్నారు.

ఈ ఆటలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళే జోడీ. అన్నకు ఎదురుగా తమ్ముడు, ప్లీడరు గారికి ఎదురుగా నేను కూర్చున్నాం. బయట వసారాలో ఈ చివర అన్న మనుషులు, ఆ చివర తమ్ముడి మనుషులు. మధ్యలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ వాటి దగ్గరికి పోలేదు. మా బావ కిటికీలోంచి నన్ను చూసి నవ్వాడు.

మొదటి గంట బాగానే గడిచింది. తమ్ముడు ఒకసారి "మంచి పాట అన్నా" అన్నాడు. అన్న తల ఊపాడు. చూశావా అన్నట్టు ప్లీడరు గారు బల్ల కింద నా కాలు తొక్కారు.

అప్పుడొచ్చాయి నాకా ముక్కలు. ఏడు ఆఠీన్లు, ఆరు కళావర్లు. ఇస్పేటు గానీ డైమను గానీ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆఠీను ఆసు, కళావరు ఆసు మాత్రం నా దగ్గర లేవు.

అన్న "ఒక ఇస్పేటు" అని మొదలుపెట్టాడు. నేను రెండు ఆఠీన్లు పాడాను. తమ్ముడు ఒక్క గెంతున "నాలుగు ఇస్పేట్లు" అన్నాడు. ప్లీడరు గారు పాస్. అన్న తమ్ముడి ముఖంలోకి చూసి, నవ్వి, పాస్ అన్నాడు. ఆయన నవ్వగా నేను చూసింది అదే మొదలు.

నేనూ పాస్ అంటే పాట అక్కడితో ముగిసేది. వాళ్ళు ఆట గెలిచి, హాయిగా లేచి కాఫీ తాగేవాళ్ళు. పోనివ్వు అన్నట్టు ప్లీడరు గారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థం కాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అర్థమైంది. "అయిదు ఆఠీన్లు" అన్నాను.

ఇస్పేటు ఆఠీను కన్నా పై రంగు గనక తమ్ముడు అయిదు ఇస్పేట్లకు పోయాడు. అవీ వాళ్ళకు వచ్చేవే. నేను ఆగలేదు. "ఆరు ఆఠీన్లు!" అంటే పదమూడు పట్లలో పన్నెండు నేనే పడతానని.

తమ్ముడు చాలాసేపు ఆలోచించి పాస్ అన్నాడు. అన్న తన ముక్కలు మూసి, బల్ల మీద బోర్లా పెట్టి, "డబుల్" అన్నాడు.

అక్కడ డబుల్‌కు అర్థం ఒక్కటే. వీళ్ళు చెప్పిన పట్లు రావు, నేను చూసుకుంటాను, నువ్విక నోరెత్తొద్దు అని. నా దగ్గర లేని రెండు ఆసులూ ఆయన చేతిలో ఉన్నాయి. నేను ఒక పట్టు తక్కువతో ఓడిపోయేవాణ్ణే. కానీ తమ్ముడి చేతిలో ఒక్క ఆఠీనూ లేదు. ఆఠీన్లన్నీ మా దగ్గరే ఉండి, పాడిన పట్లన్నీ నాకు వచ్చేస్తాయేమోనని అతని భయం. అన్న వైపు చూడకుండా "ఆరు ఇస్పేట్లు" అనేశాడు.

ఇస్పేటు ఆసు, డైమను ఆసు ప్లీడరు గారి దగ్గరున్నాయి. వాళ్ళకు ఒక పట్టు తగ్గింది.

ఆట అయిపోయాక అన్న తన రెండు ఆసులూ ఏరి తమ్ముడి ముందు పెట్టాడు. "నేను చూసుకుంటానని చెప్తి గదా. ఈడ పేకముక్కల కాడ నా మాట నమ్మలేనోడివి, రేపు బావికాడ నమ్ముతావా?"

"ఏందన్నా, ఆటకు గూడా కోపమేనా?"

"శానా సంతోషం అప్పా" అని అన్న లేచాడు. వసారాలో ఆయన మనుషులంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

సోమవారం జమ్మలమడుగులో రాజీ కాయితాలు పట్టుకుని కోర్టు మూసేదాకా కూర్చున్నాం. అన్న రాలేదు. "నీ పాటలో తప్పేం లేదులే" అన్నారు ప్లీడరు గారు, నా ముఖం చూడకుండా.

కోర్టు ఆవరణలో బావ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. బ్రిడ్జి గురించి ఆయనకు ఓనమాలు తెలియవు. "నిన్న మీరే గెల్చినారంట గదా! అంత పెద్దోళ్ళను నా బామ్మర్ది ఓడగొట్టినాడని ఊర్లో అందరికీ చెప్తా" అని జీపెక్కాడు.

నాలుగో రోజు బావి దగ్గర మా బావను నరికారు. నేను పోయేసరికి అక్క నన్ను పట్టుకుని, "చేతికందిన రాజీ ఎవురు చెడగొట్టినారు నాయనా?" అని అడిగింది.

తమ్ముడు తొందరపడ్డాడని చెప్పాను.